రెండూ పంపండి

పదకొండు కావస్తోంది. పన్నెండింటికి కొరియరతను వస్తాడు. ఈ గంటలోపల ఒక మనిషి దొంగో దొరో నేను తేల్చాలి, అదీ అతని మొహం చూడకుండా, తెర మీది నాలుగు వరసల అక్షరాలు చూసి. ఈ పని చేసేవాళ్ళకి ప్రభుత్వాలు జీతాలిస్తాయి, యూనిఫారాలిస్తాయి, జీపులిస్తాయి. నాకేమిచ్చారు? ఒక కుర్చీ, అదీ నేనే కొనుక్కున్నది. నేను పాత మైక్రోస్కోపులు బాగుచేసి అమ్ముకునే మనిషిని. ఇరవై రెండేళ్ళు కాలేజీ ల్యాబులో అసిస్టెంటుగా చేశాను, పిల్లలు పగలగొట్టిన గాజుపలకలు ఏరాను, ఉల్లిపొర ఇలా పరవాలి, పైగాజు ఇలా వాల్చాలి, గాలిబుడగని చూసి కణం అనుకోకండర్రా అని ఏటా కొత్త మొహాలకి చెప్పాను. ఆఖరికి ఆ ల్యాబుని కంప్యూటర్ల గది చేస్తామన్నారు, మూలకి తోసేసిన పన్నెండు మైక్రోస్కోపుల్ని తుక్కు కింద నేనే కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇంత ఇనుము ఇంట్లో ఎందుకమ్మాయ్ అని ముక్కు చిట్లించిన మా అత్తగారే ఇప్పుడు వాటిని అట్టపెట్టెల్లో సర్దుతుంది, పసిపిల్లని పడుకోబెట్టినట్టు, మెడ దగ్గర ఒక గుడ్డ, పాదం దగ్గర ఒక గుడ్డ. ఇప్పుడు కూడా అదే పనిలో ఉంది. మూడు పెట్టెలు. మూడూ నా దగ్గరున్నవాటిలో మేలైనవి. ఆగండత్తయ్యా, ఇంకా అనుకోలేదు అన్నాను. అనుకునేదేముందే, డబ్బు కట్టాడుగా అంది. కట్టాడు. ఎవరి డబ్బు కట్టాడు అన్నదే ప్రశ్న.

పదింటికి వచ్చింది ఆర్డరు, నేను దుకాణం పెట్టుకున్న ఆన్‌లైన్ బజారు నుంచి. రాగానే గుండె ఎగిరిపడింది, ఆ ఎగరడం సంతోషం కాదని వెంటనే తెలిసింది, అదే నాకు మండుతున్నది, ఒకప్పుడు ఆర్డరు వస్తే సంతోషంగానే ఉండేది. మూడు మైక్రోస్కోపులు ఒక్కసారే. ఎవరైనా మూడు కొంటారా, కొంటారు, బడి కొంటుంది, కానీ బడి బేరమాడుతుంది, నెల రోజులు నానుస్తుంది, మూడింటికీ ఒకే రకం అడుగుతుంది. ఇతను మూడు రకాలు, ధర ఎక్కువ ఉన్నవి పైనుంచి మూడు, నా దుకాణం పేజీని ధరల వరసలో పెట్టుకుని గీత గీసినట్టు. ఒక్క ప్రశ్న లేదు. మైక్రోస్కోపు కొనేవాడు ప్రశ్నలు అడక్కుండా ఉండలేడు, అద్దాల మీద బూజు ఉందా, చిన్న చక్రం తిప్పితే జారుతోందా, దీపమా అద్దమా, పెట్టె తాళంచెవి ఉందా, కిందటి నెల ఒకాయన చెరువు నీళ్ళలో పురుగులు చూడ్డానికి ఒక్కటంటే ఒక్కటి కొనేముందు పద్నాలుగు ఉత్తరాలు రాశాడు, విసుక్కున్నాను, ఇప్పుడా విసుగు తల్చుకుంటే సిగ్గేస్తోంది, దేవుడిలాంటి విసుగు అది. ఇతను రాసినదల్లా ఒకటే, అర్జెంటు, ఇవాళే పంపాలి. కొరియర్లలో అన్నిటికన్నా వేగమైనది ఎంచుకున్నాడు, దాని ఖర్చు చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. మొదట ఒక కార్డు కొట్టాడు, పోలేదు. రెండోది, పోలేదు. మూడోది పోయింది. సొంత కార్డు ఉన్నవాడు మూడు సార్లు తడుముకుంటాడా, తడుముకుంటాడు, మా ఆయన తడుముకుంటాడు, ఆయన కరెంటు పనివాడు, ఆయన లోకం ఆ తీగలే కాబట్టి. కానీ ఇక్కడ కార్డు ఏదో ఊళ్ళో ఒకావిడది, కుట్టుమిషన్ల దుకాణం పైన రెండో అంతస్తు, పెట్టెలు వెళ్ళాల్సింది ఇంకో ఊరు, ఏదో గోదాము, గది నంబరు ఉంది, ఇంటి నంబరు లేదు. ఈమెయిలు చూస్తే పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంది.

ఇవన్నీ నాకు పుట్టుకతో తెలుసా? ఎవడో నేర్పాడు. నాలుగు నెలల కిందట, రెండు కళ్ళతో చూసే పెద్ద మైక్రోస్కోపు, ఐదు వారాలు కూర్చున్నాను దాని ముందు, గ్రీజు రాయిలా గడ్డకట్టి చక్రం కదలకపోతే రోజుకింత స్పిరిట్ చుక్క వేసి, ఆరబెట్టి, మళ్ళీ వేసి, బలవంతం చెయ్యకూడదు, బలవంతం చేస్తే పళ్ళు విరుగుతాయి, చివరికొక మధ్యాహ్నం అది వెన్నలా తిరిగింది, అత్తయ్యా రండి రండి అని కేకపెట్టి ఆవిడకి ఉప్పుకణం చూపించాను, ఇదేమిటే మేడలా ఉంది అని ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. దాన్ని కొన్నవాడు ఎంత మర్యాదగా రాశాడో! ధన్యవాదాలండీ, జాగ్రత్తగా పంపండి. పంపాను. జాగ్రత్తగానే పంపాను. నలభై రోజుల తర్వాత తెలిసింది ఆ కార్డు వేరెవరిదో అని. కార్డుదారుకి బ్యాంకు డబ్బు తిరిగిచ్చింది, మంచిదే, ఆయన తప్పేముంది. బ్యాంకు ఆ డబ్బు బజారు కంపెనీ దగ్గర లాక్కుంది, బజారు కంపెనీ నా దగ్గర లాక్కుంది, తన కమీషను మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. దొంగకి మైక్రోస్కోపు దక్కింది. ఈ గొలుసులో చివరి కొక్కెం నేను. ఫోన్ చేస్తే సంగీతం వినిపించారు, అరగంట, తర్వాత ఒక అమ్మాయి, పాపం గొంతు లేతగానే ఉంది, మేడమ్, అనుమానాస్పదమైన ఆర్డర్లను గుర్తించడం విక్రేత బాధ్యత మేడమ్ అంది. కాగితం చూసి చదివింది. నీకు లక్ష కంప్యూటర్లున్నాయి తల్లీ, నువ్వు గుర్తించలేదు, నేను స్పిరిట్ సీసా పట్టుకుని గుర్తించాలా అన్నాను. ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్ అంది. ఇంకేమైనా అట! మొదటిదేది? పోలీస్ స్టేషనుకి వెళ్తే అక్కడి కానిస్టేబులు మైక్రోస్కోపంటే కళ్ళజోడు లాంటిదా అని అడిగి, దాన్నెవడు దొంగిలిస్తాడమ్మా అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు, రాసుకున్నాడా అంటే అదీ లేదు. నా వస్తువు పోతే పోయింది, పోయిందని నమ్మించడానికి కూడా నేనే తిరగాలన్నమాట.

అక్కణ్ణుంచి నా కళ్ళు మారిపోయాయి. దొంగ ఒక్క మైక్రోస్కోపే పట్టుకుపోయాడనుకున్నాను, కాదు. ఆ తర్వాత నెలలో ఒక బడి మాస్టారు ఆర్డరు పెట్టాడు, కార్డు ఒకరిది, చిరునామా ఒకరిది, పైగా త్వరగా కావాలన్నాడు, చాలు, నేను వేలు కూడా వణక్కుండా రద్దు నొక్కేశాను. వారం తర్వాత ఉత్తరం, మామూలు తపాలాలో, గీతల కాగితం మీద. కార్డు మా వదినదండీ, నాకు కార్డు లేదు, పిల్లలకి పరీక్షల ముందు రక్తం చుక్క చూపిద్దామనుకున్నాను, సరుకు లేదన్నారు గానీ మీ పేజీలో అది ఇంకా అమ్మకానికే ఉంది, మీరు నన్ను దొంగ అనుకున్నారని అర్థమైంది, ఫర్వాలేదు అని. ఆ ఫర్వాలేదు ఉందే, అది గుచ్చుకున్నట్టు ఇంకేదీ గుచ్చుకోలేదు. వెంటనే ఫోన్ చేశాను, క్షమించమన్నాను, ఆయన చాలా మంచిగా మాట్లాడి, వేరేచోట కొనేశానండీ అన్నాడు. ఎవడో ఎక్కడో కూర్చుని చేసిన వెధవ పనికి నేను ఆ మాస్టారి ముందు తల దించుకోవాలి. ఇంకొకటి కూడా రద్దు చేశాను, అది నిజంగా దొంగదే, కానీ కంపెనీ లెక్కలో రెండూ ఒకటే. విక్రేత రద్దు చేసినవి, రెండు. మూడోది రద్దు చేస్తే దుకాణం ముప్ఫై రోజులు మూత. ఇది వాళ్ళ నిబంధన. కొనేవాళ్ళ నమ్మకం కోసమట. పంపితే మూడు మైక్రోస్కోపులు పోతాయి, పంపకపోతే దుకాణం పోతుంది, ఏ చెయ్యి కొట్టించుకుంటావో నువ్వే ఎంచుకో, మేం చాలా ప్రజాస్వామికం అన్నట్టు.

పదకొండుంబావు. అత్తగారు మూడో పెట్టె మూత వేసి నా వైపు చూసింది. నేను ఫోన్ తీసుకుని ఆర్డరులో ఉన్న నంబరు కొట్టాను. రెండో మోతకే ఎత్తాడు, గొంతు నున్నగా ఉంది, కొత్తగా పాలిష్ పట్టిన నేల మీద నడుస్తున్నట్టు.

"చెప్పండి మేడమ్, పంపేశారా?"

"పంపబోతున్నానండీ, ఒక్క సందేహం. మీరు కొన్నవాటిలో ఒంటికన్నుతో చూసేది ఒకటుంది కదా. దానికి కుడికన్ను లెన్సు పెట్టమంటారా, ఎడమకన్ను లెన్సు పెట్టమంటారా?"

కుడికన్ను లెన్సు, ఎడమకన్ను లెన్సు అని ఈ భూమ్మీద లేవు. ఒక్కసారి మైక్రోస్కోపు ముట్టుకున్నవాడెవడైనా పగలబడి నవ్వుతాడు, అదేమిటండీ అంటాడు.

"రెండూ పంపండి మేడమ్" అన్నాడు.

నవ్వొచ్చింది, నవ్వు పైకి రాకముందే కోపమైపోయింది. దొంగతనానికైనా కాస్త తయారై రావద్దూ? నేను ఐదు వారాలు తిప్పిన చక్రం ఏమిటో తెలీదు, దాంట్లోంచి ఏం కనిపిస్తుందో తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు, ఎవడికో సగం ధరకి తోసేస్తాడు, అంతే. వీటితో ఏం చూస్తారండీ అని అడిగాను, ఎందుకడిగానో, ఇంకొక్క అవకాశం ఇద్దామనేమో. మావాడు చదువుకుంటున్నాడు అన్నాడు. ఒక్కడికి మూడా అంటే గొంతులో పాలిష్ కాస్త ఊడింది. "డబ్బు కట్టాక ఇన్ని ప్రశ్నలేంటి? ఇవాళ పంపకపోతే మీమీద కంప్లైంటు పెడతాను, మీ షాపు ఏమవుతుందో మీకు తెలుసుగా" అన్నాడు. తెలుసట! లెన్సుల గురించి ఏమీ తెలియనివాడికి నిబంధనలు మాత్రం నాకన్నా బాగా తెలుసు. కంపెనీ రాసిన ఆ నిబంధన నన్ను కాపాడ్డానికి కాదు, వాడి చేతిలో కర్రగా పనికొస్తోంది. ఫోన్ పెట్టేశాను. నేను భయపడ్డాననుకుంది అత్తగారు, మంచినీళ్ళు తెచ్చింది.

నీళ్ళు తాగుతుంటే ఆ రెండో అంతస్తు ఆవిడ గుర్తొచ్చింది. నా గోల నాదే అయిపోయింది, ఇందులో ఇంకో మనిషి ఉంది, ఆవిడ కార్డు నుంచి పొద్దున్నే ఇంత సొమ్ము పోయింది, ఆవిడ ఈపాటికి బట్టలారేసుకుంటూనో కూరలు తరుక్కుంటూనో ఉంటుంది. ఆర్డరులో ఆవిడ నంబరు లేదు. కుట్టుమిషన్ల దుకాణం నంబరు వెతికితే దొరికింది, దుకాణదారు మంచివాడు, ఎందుకు ఏమిటని అడక్కుండా మెట్ల దగ్గర నిలబడి పెద్దమ్మా మీకు ఫోనూ అని అరిచాడు, ఆవిడ మెట్లు దిగి వస్తున్న చప్పుడు నాకు వినిపించింది, ఒక్కో మెట్టూ ఆగి ఆగి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు దిగినట్టు. నేను ఎవరినో, ఏం అమ్ముతానో, పొద్దున ఏం జరిగిందో అంతా గబగబా చెప్పేశాను. ఆవిడ చివరిదాకా విన్నది.

"అయిందా?" అంది. "ఇప్పుడు నా కార్డు నంబరు చెప్పమంటావు, వెనకున్న మూడంకెలు చెప్పమంటావు, అంతేనా? ఈ వారంలో నువ్వు మూడోదానివి. సిగ్గులేదూ? ఆడపిల్లవి, గొంతు చూస్తే చదువుకున్నదానిలా ఉన్నావు, కష్టపడి బతకలేవూ?"

కష్టపడి బతకలేనా! ఒళ్ళంతా నిప్పంటుకున్నట్టయింది. వేళ్ళ కొనలు స్పిరిట్‌తో పగిలి ఉన్నాయి నావి, రాత్రి చపాతీ తుంచితే మండుతాయి, నన్ను పట్టుకుని కష్టపడి బతకలేవా అంటుంది, ఆవిడ డబ్బు కాపాడదామని ఫోన్ చేస్తే, నాకేం పట్టిందని, పెట్టెలు ఎత్తి ఇచ్చేసి నలభై రోజులు హాయిగా ఉండొచ్చు కదా, అన్ని మాటలూ నాలుక చివరికొచ్చాయి, చూడండీ అని మొదలుపెట్టాను కూడా, ఈలోగా మా అత్తగారు నా చేతిలోంచి ఫోన్ తీసేసుకుంది.

"అమ్మా, నేను దాని అత్తగారిని" అంది. "మీరు దాన్ని తిట్టడంలో తప్పేం లేదు, నేనయినా తిడతాను. మాకేం చెప్పకండి. మీ పేరు కూడా చెప్పకండి. ఫోన్ పెట్టేసి, మీ కార్డు వెనకాల బ్యాంకువాళ్ళ నంబరుంటుంది, కళ్ళజోడు పెట్టుకుని మీ చేత్తో మీరే కొట్టి కనుక్కోండి. మేం అబద్ధమైతే మాకు నాలుగు శాపనార్థాలు పెట్టి పడుకోండి. ఉంటానమ్మా."

పెట్టేసింది. నాకు ఫోన్ ఇచ్చి, మంచిచెడ్డా కనుక్కోకుండా మనిషిని నమ్మమంటే ఎవరు నమ్ముతారే అంది. మాస్టారి ఉత్తరం నా సొరుగులోనే ఉంది. ఆవిడ నన్ను చూసిన చూపే నేను మాస్టారిని చూశాను, ఆవిడకి వారంలో ఇద్దరు నేర్పారు, నాకు ఒక్కడు చాలాడు, నా కోపం ఆవిడ మీద నిలవలేక జారిపోయి మళ్ళీ ఆ నున్నటి గొంతు దగ్గరికే వెళ్ళింది. ఒకరికొకరు మొహం తెలియని ఇద్దరాడవాళ్ళం, ఇద్దరం చెడ్డవాళ్ళం కాదు, ఒకరినొకరు దొంగలనుకుంటుంటే అసలువాడు ఎక్కడో కుర్చీ వెనక్కి వాల్చుకుని నా కొరియరు కోసం చూస్తున్నాడు.

పావు తక్కువ పన్నెండుకే గంట మోగింది. కొరియరతను పెందలాడే వచ్చేశాడు, ఇంకా ఏడిళ్ళు తిరగాలట. గుమ్మంలో నిలబడి మూడు పెట్టెలూ చూసి చెయ్యి చాచాడు. ఆవిడ తిరిగి ఫోన్ చెయ్యలేదు, చేస్తుందన్న నమ్మకమూ లేదు. ఇప్పుడు నా దగ్గరున్నది లేని లెన్సు గురించి ఒక జవాబు, ఒక గోదాము, పిల్లి నడిచిన ఈమెయిలు. నేను తప్పయితే? ఆ ఫోన్లో మనిషి నిజంగా ఏమీ తెలియని తండ్రి అయితే, కొడుకు అడిగాడని గుడ్డిగా కొంటున్నవాడైతే? ఆలోచించాను, నిజంగానే ఆలోచించాను, మాస్టారి మీద ఒట్టు. తండ్రి అయితే కొడుకుని అడిగి చెబుతానండీ అంటాడు. రెండూ పంపండి అనడు.

"ఇవాళ ఏం లేవు బాబూ" అన్నాను.

"లేవంటారేంటమ్మా, ఎదురుగా ఉన్నాయి కదా. నా ఫోన్లో మూడని చూపిస్తోంది. తీసుకెళ్ళలేదని నేను రాస్తే దెబ్బ మీకే."

"రాయి. దెబ్బ నాకేలే."

అతను నా మొహం కేసి చూసి, పెట్టెల కేసి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను తలుపు కూడా వెయ్యకుండా వచ్చి తెర ముందు కూర్చున్నాను. రద్దు నొక్కాను. కారణం ఎంచుకోండి అంది. సరుకు లేదు. ధర తప్పు పడింది. సరుకు పాడైంది. చిరునామా సరిగా లేదు. ఇంత పెద్ద బజారు నడిపేవాళ్ళకి దొంగ అనే మాట రాయడానికి చెయ్యి రాలేదు, అలాంటి జాతి ఒకటున్నట్టు వాళ్ళ ప్రపంచంలో ఎవరికీ తెలియనట్టు. కిందటి రెండుసార్లూ సరుకు లేదనే నొక్కాను, మాస్టారిక్కూడా సరుకు లేదనే వెళ్ళి ఉంటుంది, తప్పంతా నాదే అన్నట్టు, నా ఇల్లు ఖాళీ అన్నట్టు. ఎదురుగా మూడు పెట్టెలు పెట్టుకుని ఈసారి ఆ అబద్ధం నా చేత కాలేదు. అన్నిటికన్నా కింద ఇతరములు అని ఉంది, దాని పక్కన అగ్గిపెట్టెంత గడి. అందులో రాశాను: కొన్నవాడు దొంగ. కార్డు వేరే ఆవిడది. నేను కనిపెట్టాను, మీరు కనిపెట్టలేదు. శిక్ష నాకు వేస్తున్నారు. వేసుకోండి, కానీ సరుకు లేదని నేను రాయను. రెండు అక్షరాలు ఎక్కువయ్యాయంది. 'కానీ' అన్న మాట తీసేశాను. పంపాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది, కన్ను మూసి తెరిచేలోగా నా దుకాణం పేజీ బూడిదరంగుకి తిరిగింది, ముప్ఫై రోజులు. అత్తగారు నా వెనకాల నిలబడి చూస్తోంది. పోయిందా అంది. పోయింది అన్నాను. ఆవిడ వెళ్ళి మొదటి పెట్టె టేపు విప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఒకావిడ రొప్పుతోంది, కింద దుకాణంలో నా నంబరు కనుక్కోవడానికి మళ్ళీ మెట్లు దిగి ఎక్కిందేమో.

"నేనే. పైన ఉండే దాన్ని. బ్యాంకులో మాట్లాడాను. నిజమే" అంది. క్షమించు అనలేదు, అనడానికి ఆవిడ దగ్గర ఊపిరి లేదు. "కార్డు ఆపేశారు. నీ కొట్లోనే కాదు, ఇంకో రెండు కొట్లలో కూడా కొన్నాడట ఈ పొద్దున. సైకిళ్ళు అమ్మే అతనొకడు, ఉయ్యాల మంచాలు చేసే ఆవిడొకర్తె. పేర్లు రాసుకున్నాను. నా డబ్బు నాకిస్తారట. మరి వాళ్ళకెవరిస్తారమ్మా అనడిగాను. దాంతో మాకు సంబంధం లేదన్నాడు బ్యాంకతను. అదేం మాట? సంబంధం లేకపోవడమేమిటి?"

ఆవిడ గొంతులో కోపం. అచ్చం నాది లాంటిదే, పొద్దుట్నుంచీ నేనొక్కదాన్నే మోస్తున్నది. పేర్లు చెప్పండి అన్నాను, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చెప్పింది, స్పిరిట్ మరకల కాగితం మీద రాసుకున్నాను. పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. సైకిళ్ళతని పేజీ వెతికాను, చిన్న దుకాణం, నాలాంటిదే, పాత సైకిళ్ళకి రంగులేసి అమ్ముతాడు, ఒక్కోదాని పక్కనా దాని కథ రాసుకున్నాడు. నంబరు కొట్టాను. మోగుతోంది. ఎత్తాడు. వెనకాల ఎవరో మనుషుల మాటలు, ఏదో ఇనుము నేలకి తగిలిన చప్పుడు.

"నేనూ మీలాగే అమ్ముకునేదాన్నే" అన్నాను. "మీరు నాకేం చెప్పక్కర్లేదు, నన్ను నమ్మక్కర్లేదు కూడా. పొద్దున అర్జెంటని ఒకడు కొన్నాడే, ఆ సైకిలు ఇంకా మీ దగ్గరే ఉందా?"

"ఉంది. గుమ్మం దగ్గరే ఉంది, కొరియర్ వాళ్ళు వచ్చారు, ఎత్తబోతున్నారు. ఎవరండీ మీరు?"

"చెబుతాను" అన్నాను. "ముందు వెళ్ళి తలుపెయ్యండి."